మెట్ల మధ్యలో ఆగిపోయే మనిషి

టెక్సస్ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆమె భర్తది తెనాలి దగ్గర పల్లె. పదహారేళ్ళప్పుడు అమ్మానాన్నలతో అమెరికా వచ్చి, ఇరవై ఒకటో ఏట అక్కడి సైన్యంలో చేరారు. 2006-07లో ఇరాక్‌లోని బలాద్ స్థావరంలో ఏడాది ఉన్నారు. లారీ నడపడం ఆయన పని. శిబిరంలోని చెత్తను కాల్చే గోతి దగ్గర దించి రావడం కూడా అందులో భాగమే. 2009లో సైన్యం వదిలి, చదువుకుని, సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డారు. 2011లో పెళ్ళయింది. పన్నెండేళ్ళ బాబు ఉన్నాడు.

“పెళ్ళైన కొత్తలో పొద్దున్నే లేచి ఐదు మైళ్ళు పరిగెత్తేవారు. ఇప్పుడు మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తారు. మా వాడు కింద నిలబడి నాన్న ఎన్నో మెట్టు మీద ఆగారో లెక్కపెడుతుంటాడు. మొన్న సంక్రాంతికి స్నేహితుల పొలంలో భోగిమంట వేస్తే, రెండు నిమిషాలు నిలబడి దగ్గుతూ వెళ్ళి కారు అద్దాలు ఎత్తుకుని కూర్చున్నారు. పిల్లలందరూ పిడకల దండలు వేస్తుంటే మా వాడు కారు వైపే చూస్తున్నాడు” అని రాశారామె.

డాక్టరు ఎక్స్‌రే తీయించి బాగానే ఉందన్నారట. బరువు తగ్గమని, టెన్షన్ తగ్గించుకోమని చెప్పి ఇన్‌హేలర్ ఇచ్చారు. దానితో పెద్దగా గుణం కనపడలేదు. ఆ స్థావరంలో పీల్చిన పొగ వల్లే ఇదంతా అని ఆమె అనుమానం. 2013లో ఒకసారి భర్త వీఏకి, అంటే మాజీ సైనికుల బాగోగులు చూసే ప్రభుత్వ శాఖకు, దరఖాస్తు పెట్టారు. సర్వీసుకూ ఈ జబ్బుకూ సంబంధం లేదని తిరస్కరించారు. అప్పటినుంచీ ఆ మాటెత్తితే చాలు, లేచి గరాజ్‌లోకి వెళ్ళిపోతారు. “మావాళ్ళలో ఇద్దరికి కాళ్ళు లేవు. నాకు ఒంటి మీద గీత కూడా పడలేదు. దగ్గొస్తోందని డబ్బులడగనా?” అంటారట. ఇంట్లోనే ఉండే అత్తగారు “నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ఊదాను, నాకేమైంది?” అని మిరియాల కషాయం కాచి ఇస్తారు. ఆడపడుచు భర్త, వచ్చిన డబ్బులో వాటా తీసుకుని పని చేసిపెట్టే ఏజెంటు ఉన్నాడంటున్నారు.

ఆమె అడిగినవి మూడు. ఇది నిజంగా ఆ పొగేనా? ఆయనకు చెప్పకుండా కాగితాలు నేనే నింపి పంపితే తప్పా? ఇక ఊరుకోవడమే మంచిదా?

అమ్మా,

ముందు నా సంగతి చెప్పాలి. నేను డాక్టర్ని కాను. ఊపిరితిత్తుల విభాగంలో థెరపిస్టుగా చాలా ఏళ్ళు పనిచేశాను. గొట్టం నోట్లో పెట్టుకుని “గట్టిగా ఊదండి, ఇంకా, ఇంకా” అని నేను అంటుంటే కళ్ళనీళ్ళు తిరిగిన మగవాళ్ళను చూశాను. అందుకని ఆయన ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తారన్న చోట నేను చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను. ఆయాసం ఉన్నవాళ్ళు దాన్ని దాచడానికి ఎన్ని ఉపాయాలు పడతారో! చెప్పుల తాడు కట్టుకుంటారు, గోడ మీది ఫొటో చూస్తారు, ఎవరితోనో మాట కలుపుతారు. ఆయన దాస్తున్నారంటే, తేడా ఉందని ఆయనకు తెలుసన్నమాట. ఇది మీకు మంచి కబురే. తెలియనివారికి నచ్చజెప్పడం వేరు, తెలిసి భయపడేవారి పక్కన నిలబడడం వేరు.

ఇక ఆ పొగ. మీ అత్తగారు అన్నమాటను నేను కొట్టిపారేయను. కట్టెల పొయ్యి పొగతో ఎందరు ఆడవాళ్ళ ఊపిరితిత్తులు పాడయ్యాయో చూసినదాన్ని. ఆవిడకు ఏమీ కాలేదంటే అది ఆవిడ అదృష్టం, పొగ మంచితనం కాదు. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇలా చెప్పండి. బలాద్‌లో ఆ గొయ్యి సుమారు పదెకరాలు. 2007 ప్రాంతంలో రోజుకు వంద నుంచి రెండొందల టన్నుల చెత్త అందులో కాల్చేవారని అంచనా. ట్రాక్టరుకు నాలుగు టన్నులు వేసుకున్నా పాతిక నుంచి యాభై ట్రాక్టర్లు, ప్రతిరోజూ. కాలేది కట్టెలు, పిడకలు కాదు. ప్లాస్టిక్, థర్మకోల్, టైర్లు, బ్యాటరీలు, పెయింట్ డబ్బాలు, ఆస్పత్రి చెత్త. మంట అంటుకోవడానికి విమాన ఇంధనం పోసేవారు. మన ఊళ్ళో భోగి రోజు ఎవరో ఒక టైరు పడేస్తే వీధంతా ముక్కు మూసుకుంటుంది కదా, ఆ టైరు వాసన ఏడాది పొడవునా నిద్రలో కూడా పీల్చినట్టు. మీ ఆయనైతే దాని అంచుదాకా లారీ తోలుకెళ్ళారు. ఆ గొయ్యి 2009లో మూతపడింది.

అయితే “ఇది నిజంగా ఆ పొగేనా” అన్న ప్రశ్నకు నేనే కాదు, ఎవరూ ఉత్తరం చదివి జవాబు చెప్పలేరు. ఆయాసానికి ఎన్నో కారణాలు. గుండె, ఆస్తమా, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, రక్తం తక్కువ కావడం, ఏదైనా కావచ్చు. నలభై దాటిన మగవాడికి గుండె పరీక్ష లేకుండా “అంతా పొగే” అనుకోవడం ప్రమాదం. ఎక్స్‌రే బాగుంది కాబట్టి “అంతా టెన్షనే” అనుకోవడం కూడా అంతే ప్రమాదం.

ఎక్స్‌రే గురించి మీకు ఒక సంగతి చెప్పాలి. 2011లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. ఫోర్ట్ క్యాంప్‌బెల్ సైనిక స్థావరం నుంచి వచ్చిన ఎనభై మంది సైనికులను వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం డాక్టర్లు చూశారు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లకు వెళ్ళేముందు శారీరక పరీక్షల్లో నెగ్గినవాళ్ళు, తిరిగొచ్చాక రెండు మైళ్ళు కూడా పరిగెత్తలేకపోతున్నారు. చాలామంది 2003లో మోసుల్ దగ్గర గంధకం కర్మాగారం తగలబడినప్పుడు ఆ పొగ పీల్చినవారు. దాదాపు అందరి ఎక్స్‌రేలూ మామూలుగానే ఉన్నాయి. ఊదే పరీక్షల్లో కూడా చాలామందికి పెద్ద తేడా రాలేదు. చివరికి నలభై తొమ్మిది మంది ఛాతీ కోయించుకుని ఊపిరితిత్తి ముక్క పరీక్షకు ఇస్తే, వాళ్ళలో 38 మందికి కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్ అని తేలింది. ఊపిరితిత్తి లోపల చివరికొసల్లో ఉండే సన్నటి గాలిగొట్టాల చుట్టూ మచ్చకట్టి అవి బిగుసుకుపోయే జబ్బు అది. ఎక్స్‌రేకి అంత సన్నవి అందవు. మీ ఆయనకు అదే ఉందని నేననడం లేదు. మామూలు ఎక్స్‌రే చూసి తలుపు మూసేయకండి అంటున్నాను.

కాబట్టి ఊపిరితిత్తుల స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళడం మొదటి పని. అక్కడ ఒక్క ముక్క గట్టిగా చెప్పాలి: “2006-07లో బలాద్‌లో బర్న్ పిట్ (చెత్త కాల్చే గోతి) దగ్గర లారీ నడిపాను.” మనవాడిని చూసి అమెరికాలో ఏ డాక్టరూ “మీరు సైన్యంలో పనిచేశారా” అని అడగరు. సాఫ్ట్‌వేర్ అనుకుంటారు, కుర్చీ ఉద్యోగం అనుకుంటారు, బరువు తగ్గమంటారు. పాత డాక్టరుకు ఈ సంగతి చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. చెప్పి ఉండరనే నా అనుమానం. పూర్తిస్థాయి ఊపిరి పరీక్షలు, అంటే గాలి లోపలికి పోయాక రక్తంలోకి ఎంత దిగుతోందో చూసేది కూడా, ఊపిరి పీల్చినప్పుడూ వదిలినప్పుడూ తీసే సీటీ స్కాన్, నడిపించి చూసే పరీక్ష, ఇవి చేయిస్తారా అని అడగండి. బయాప్సీ, అంటే ముక్క తీసి పరీక్షించడం, దాకా వెళ్ళడం చిన్న విషయం కాదు. దాని ఫలితంతో వైద్యం ఏమైనా మారుతుందా అని అడిగి, జవాబు విన్నాకే ఒప్పుకోవాలి. ఈలోపు దగ్గులో రక్తం పడినా, ఛాతీ నొప్పి వచ్చినా, పెదాలు నీలంగా మారినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగొద్దు.

ఇప్పుడు ఆయన మనసులో ఉన్న ముల్లు దగ్గరికి వద్దాం. “కాళ్ళు పోయినవాళ్ళుండగా నేనా అడగడం?” ఇది అహంకారం కాదమ్మా. తోటివాళ్ళ పట్ల ఆయనకున్న గౌరవం. దాన్ని మీరు వాదించి గెలవలేరు, గెలవాలని చూడొద్దు కూడా. కానీ ఆయనకు తెలియని రెండు మూడు సంగతులు ఉండొచ్చు.

2013లో ఆయన చేతికి వచ్చిన ఆ తిరస్కరణ ఒక వ్యక్తి నిజాయితీ మీద ఇచ్చిన తీర్పు కాదు. అప్పటి నియమం ప్రకారం జబ్బుకూ పొగకూ లంకెను సైనికుడే రుజువు చేయాలి. ఆ గోతుల దగ్గర ఎవరు ఎంత పొగ పీల్చారో కొలిచి రాసిన లెక్కలు సరిగా లేవు. లేని లెక్కను ఎవరు తెస్తారు? అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీల నిపుణుల సంఘాలు 2011లోనూ 2020లోనూ ఈ విషయం పరిశీలించి, చాలా జబ్బుల విషయంలో ఉన్న ఆధారాలు ఏ నిర్ణయానికీ చాలవనే చెప్పాయి. 2020 నివేదిక మాత్రం మానని దగ్గు, ఆయాసం, పిల్లికూతల విషయంలో కొంత ఆధారం ఉందని ఒప్పుకుంది. ఇదంతా చూశాక 2022 ఆగస్టు 10న పాక్ట్ చట్టం వచ్చింది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ లాంటి చోట్ల పనిచేసి ఉండి, చట్టంలో రాసిన జబ్బు ఉంటే, లంకె ఉన్నట్టే ప్రభుత్వం భావిస్తుంది. రుజువు బరువు సైనికుడి భుజం మీద నుంచి దించారు. సర్వీసు తర్వాత బయటపడిన ఆస్తమా, దీర్ఘకాలిక బ్రాంకైటిస్, సీఓపీడీ (గాలిగొట్టాలు ఇరుకై ఊపిరాడని దీర్ఘకాలిక జబ్బు), సైనసైటిస్, నేను పైన చెప్పిన కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్, ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ (మచ్చకట్టి గట్టిపడడం), ఎన్నో రకాల క్యాన్సర్లు ఆ జాబితాలో ఉన్నాయి. పాత తిరస్కరణలు పొందినవాళ్ళు మళ్ళీ పెట్టుకోవచ్చు. ఒకటి గమనించండి, జాబితాలో ఉన్నవి జబ్బుల పేర్లు. “దగ్గు” అన్న మాట ఒక్కటే చాలదు. అందుకే ముందు డాక్టరు, తర్వాత కాగితం అన్నాను.

ఆ చట్టానికి పెట్టింది హీత్ రాబిన్సన్ అనే ఒహాయో సైనికుడి పేరు. ఇరాక్‌లో పనిచేసి వచ్చి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2020లో చనిపోయాడు. అతన్ని చంపింది కూడా తూటా కాదు. చట్టం కోసం కాంగ్రెస్ మెట్లెక్కి తిరిగినవారిలో అతని భార్య డానియెల్‌తో పాటు అత్తగారు సుసాన్ జైయర్ కూడా ఉన్నారు. అల్లుడి మిలిటరీ జాకెట్ తొడుక్కుని తిరిగేదావిడ. ఈ సంగతి మీ అత్తగారికి వీలు చూసుకుని చెప్పండి. కొడుకు చేత కషాయం తాగించినంత తేలిగ్గా కొడుకును డాక్టరు దగ్గరికి పంపగల మనిషి ఆ ఇంట్లో ఆవిడేనని నాకనిపిస్తోంది. కషాయం మానమని అనకండి. గొంతుకు హాయిగానే ఉంటుంది.

ఇంకొకటి. ఆ డబ్బు ఒక కుండలో పెట్టి పంచేది కాదు. మీ ఆయనకు ఇస్తే కాళ్ళు పోయిన స్నేహితుడికి ఒక్క డాలరు కూడా తగ్గదు. పైగా ఆయన లారీ తోలినవారు. ఏ రోజు ఏం తీసుకెళ్ళారో, ఏం కాలిందో కళ్ళారా చూశారు. తనతో పనిచేసినవాళ్ళ కోసం ఆయన రాసే సాక్ష్యపు ఉత్తరాన్ని వీఏ పరిశీలిస్తుంది. తనకోసం అడగడం చేతకాని మనిషి పక్కవాడి కోసం సంతకం పెట్టగలడేమో, అడిగి చూడండి. ఆ నలభై తొమ్మిది మంది ఛాతీ కోయించుకోబట్టే కదా తర్వాతివాళ్ళ మాట డాక్టర్లు విన్నది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఆయనకు చెప్పకుండా మీరు నింపి పంపడం, వద్దు. ఆయన సంతకం మీరు పెట్టడం చట్టప్రకారం తప్పు, అది ఒకటి. ఎలాగో పంపినా, వీఏ వాళ్ళు పరీక్షకు రమ్మని పిలుపు పంపుతారు, ఆయన వెళ్ళరు, రెండో తిరస్కరణ వస్తుంది. అన్నిటికన్నా, ఊపిరి విషయంలో తనకు చెప్పకుండా ఇంట్లో ఏదో జరుగుతోందని తెలిస్తే ఆయన గరాజ్‌లో గడిపే గంటలు పెరుగుతాయి.

ఆయనతో కలిసి చేయగలిగినవి ఉన్నాయి. డబ్బు మాటే లేకుండా వైద్యం కోసం వీఏలో పేరు నమోదు చేసుకోవచ్చు. 2024 మార్చి నుంచి, ఇరాక్‌లో పనిచేసినవాళ్ళు పరిహారానికి ముందుగా దరఖాస్తు పెట్టకుండానే నేరుగా వైద్యంలో చేరే వీలుంది. ఆదాయాన్ని బట్టి కొంత మనం కట్టాల్సి రావచ్చు. చేరినవాళ్ళకు విషపదార్థాల గురించి చిన్న ప్రశ్నల పరీక్ష ఉంటుంది, పది నిమిషాల పని. అడగడం ఇష్టం లేని మనిషికి ఇది తేలిక దారి. ఇబ్బంది ఏమిటంటే, ఇందులో చేరడం పరిహారానికి దరఖాస్తు కాదు, పరిహారం లెక్క మొదలయ్యే తేదీ దీనితో నమోదు కాదు.

తేదీ ఎందుకు ముఖ్యమంటే, పరిహారం సాధారణంగా దరఖాస్తు అందిన రోజు నుంచే లెక్క. దీనికి మధ్యస్థంగా ఒక దారి ఉంది, దాన్ని ‘ఇంటెంట్ టు ఫైల్’ అంటారు. ఫలానా రోజు నుంచి అడిగే ఉద్దేశం ఉందని తెలియజేయడం. ఆ తర్వాత ఏడాది గడువుంటుంది. ఈలోపు పరీక్షలు చేయించుకోవచ్చు, ఆలోచించుకోవచ్చు, చివరికి వద్దనుకుంటే పెట్టకపోయినా నష్టం లేదు. ఆయనలా ఊగిసలాడే మనిషికి ఇది సరిపోతుందని నాకనిపిస్తుంది. ఆయనది పాత తిరస్కరణ ఉన్న కేసు కాబట్టి ఏ ఫారం సరిపోతుందో తెలిసినవారిని అడిగి నిర్ణయించుకోండి.

పూర్తి దరఖాస్తే పెడితే, పరీక్షలు, ఎదురుచూపులు, పాత కోపం పైకి తేలడం అన్నీ ఉంటాయి. జబ్బు ఎంత ఉందో వీఏ శాతాల్లో లెక్కగడుతుంది, అది సున్నా శాతం వచ్చినా రావచ్చు. మళ్ళీ కాదనవచ్చు. 2013లో తగిలిన అవమానం ఇంకోసారి తగిలితే తట్టుకోగలరా అన్నది మీకు నాకన్నా బాగా తెలుసు. వచ్చిందంటే, ఆ జబ్బుకు వైద్యం ప్రభుత్వానిది అవుతుంది, ఉద్యోగం చేసుకుంటూనే నెలనెలా పన్ను లేని డబ్బు వస్తుంది.

ఏమీ చేయకపోవడం కూడా ఒక దారే. అది ఆయన హక్కు. కానీ ఈ మాట చెప్పక తప్పదు: జబ్బు ముదిరి ఏదైనా జరిగితే, భార్యకు రావలసిన వాటి కోసం ఈ రుజువులన్నీ మీరు ఒంటరిగా వెతుక్కోవాలి. అప్పటికి ఆ రోజుల్ని చూసినవాళ్ళు ఎంతమంది దొరుకుతారో. ఇది ఆయనకు చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది మీ ఇష్టం. బెదిరింపులా మాత్రం వినిపించకూడదు.

మీ ఆడపడుచు భర్త చెప్పిన ఏజెంటు జోలికి పోకండి. వీఏ గుర్తింపు లేనివాడు ఈ దరఖాస్తులు తయారుచేయడం చట్టం ఒప్పుకోదు. వచ్చే డబ్బులో వాటా అడిగేవాళ్ళలో చాలామందికి ఆ గుర్తింపు ఉండదు. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు ఈ పని ఉచితంగా చేస్తారు. టెక్సస్‌లో చాలా కౌంటీలలో దీనికోసమే ఆఫీసరు ఉంటారు. వాళ్ళలో చాలామంది స్వయంగా మాజీ సైనికులు. మీ ఆయన మీతో మాట్లాడని మాటలు వాళ్ళతో మాట్లాడవచ్చు. అందుకు మీరు చిన్నబుచ్చుకోవద్దు.

గరాజ్‌లో ఒంటరిగా కూర్చోవడం అన్నది నన్ను పొగతో సమానంగా కలవరపెట్టింది. ఊపిరి అందని మనిషికి దిగులు తోడవుతుంది. నిద్ర పోయినా, బతికేం లాభం లాంటి మాటలు వచ్చినా 988కి ఫోన్ చేసి 1 నొక్కితే మాజీ సైనికుల కోసం ప్రత్యేకంగా పనిచేసేవాళ్ళు పలుకుతారు. మీరు కూడా చేయవచ్చు.

ఇంట్లో మీరు ఇవాళే మార్చగలిగినవి కొన్ని ఉన్నాయి. సాంబ్రాణి, అగరొత్తులు ఆపండి, దీపం చాలు. ఎండుమిర్చి తాలింపు వేసేటప్పుడు ఘాటు బయటికి పోయేలా ఫ్యాను వేసి, ఆయన వేరే గదిలో ఉండేలా చూడండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టర్ని అడగండి. ఒక నోట్‌బుక్ పెట్టి తేదీలు రాయండి: ఏ రాత్రి దగ్గుతో లేచారు, ఎన్ని మెట్లకు ఆగారు, ఏ పని మానేశారు. ఆయనకు చూపించే రాయండి. డాక్టరుకు అది పనికొస్తుంది. భార్యగా మీరు చూసింది రాసిచ్చినా వీఏ తీసుకుంటుంది.

మీ బాబు మెట్లు లెక్కపెడుతున్నాడని ఆయనకు తెలుసా? తెలియదనుకుంటాను. నింద లేకుండా, ఒక సాయంత్రం ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. “వాడికి భయంగా ఉంది, నాకూ భయంగా ఉంది, ఒక్క పరీక్షకు వెళ్దాం” అనండి, అక్కడితో ఆపండి. దరఖాస్తు సంగతి ఆ రోజు ఎత్తొద్దు. 2013 నాటి ఉత్తరాన్ని ఆయన పారేయకుండా ఏదో ఫైల్‌లో దాచే ఉంటారు. అది దొరికితే భద్రంగా ఉంచండి. కౌంటీ ఆఫీసరు దగ్గరికి వెళ్ళిన రోజు మొదట అడిగేది ఆ కాగితమూ, దాని మీది తేదీనే.